మన పనిని గూర్చి మనమే ఇచ్చు సాక్ష్యము

(విజయవాడలో జరిగిన యౌవనస్థుల కూడికలో, ఉద్యోగములకు రెజ్యూమె వ్రాయుటను గూర్చి చేసిన ప్రసంగము)



శతవార్షికోత్సవ సంవత్సరములో సంఘకాపరి మాట్లాడవలసిన సంగతులు వేరే ఎన్నో ఉండగా, ఉద్యోగమునకు పంపు కాగితమును గూర్చి మాట్లాడుటేమని మీలో కొందరు అనుకొనవచ్చును. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మందిరపు వసారాలో మాయొద్దకు వచ్చువారిని చూచినయెడల ఆ సందేహము తీరిపోవును. ప్రార్థన చేయుమని వచ్చువారు కొందరైతే, కాగితము చేతబట్టుకొని సంతకమునకు వచ్చువారు మరి కొందరు. "అయ్యగారూ, రేపు ఇంటర్వ్యూ ఉందండి. ఒక మంచి మాట రాసి సంతకం పెట్టండి" అందురు. మేమును ఎన్నడు కాదనలేదు.

ఒక సంగతి దాచక చెప్పుదుము. చాలా సంవత్సరములు మేము అందరికి ఒకే మాట వ్రాసి ఇచ్చితిమి. "ఇతడు మా సంఘ సభ్యుడు, మంచి నడవడి గలవాడు, క్రమముగా ఆరాధనకు వచ్చువాడు." పేరు మార్చుట, తేదీ మార్చుట, సంతకము చేయుట, అంతే. ఒక దినమున దివిసీమకు చెందిన ఒక తమ్ముడు ఆ కాగితముతో ఒక కార్యాలయమునకు ఇంటర్వ్యూకు వెళ్లి, సాయంకాలమునకు తిరిగి వచ్చెను. అక్కడి అధికారి అతని రెజ్యూమెను, మా ఉత్తరమును రెండింటిని చదివి, "మీ అయ్యగారు నిన్ను మంచివాడంటున్నారు, సంతోషం. నువ్వేం చేయగలవో మాత్రం ఈ రెండింటిలో ఎక్కడా లేదే" అనెనట. ఆ తమ్ముడు జవాబు చెప్పలేక లేచి వచ్చెను.

అతడేమి చేయగలడో మాకు తెలియును. నాలుగు సంవత్సరములు కోత పండుగలో వేలము లెక్కలు అతడే వ్రాసెను. ఒక్క రూపాయి తేడా రాలేదు. తండ్రి జబ్బుపడిన ఏడు, రెండెకరముల కౌలు సేద్యమును, చెల్లెలి ఫీజును అతడే చూచుకొనెను. ఇవి అతని రెజ్యూమెలో లేవు, మేము వ్రాసిన ఉత్తరములోను లేవు. అతని కాగితములో ఉన్నవేమనగా తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులము, మతము, "కష్టపడి పనిచేయు స్వభావము", అడుగున "పై వివరములన్నియు సత్యము" అను మాట. తప్పు అతనిది మాత్రమే కాదు, మాది కూడ. ఆ దినమునుండి ఈ విషయమును నేర్చుకొనుటకు మొదలుపెట్టితిమి. నేర్చుకొన్నదే నేడు మీ యెదుట పెట్టుచున్నాము.

తాతల కాలపు ఉత్తరములు

మన కృష్ణా డెల్టాలో ఈ కాగితమునకు ఒక చరిత్ర కలదు. 1841లో హెన్రీ ఫాక్సు, రాబర్టు నోబులు అను ఇద్దరు మిషనెరీలు మచిలీపట్నము చేరిరి. 1843లో నోబులుగారు అక్కడ ఆంగ్ల పాఠశాలను తెరచిరి. అదియే తరువాత నోబులు కళాశాల అయ్యెను. ఎంతో మేలు చేసిన ఆ పాఠశాలలోనే, అది అగ్రవర్ణముల పిల్లలను ఉద్దేశించి పెట్టినది గనుక, అణగారిన కులముల పిల్లలకు ఆ తొలి దినములలో చోటు లేకపోయెను. పిల్లవానికి ఏమి తెలియునని గాక, ఎవరి ఇంట పుట్టెనని గుమ్మమువద్ద అడిగిరి.

1859లో రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్యగారు బాప్తిస్మము పొందిన సంగతి మీరందరు ఎరుగుదురు. ఆ తరువాత పల్లె వెంబడి పల్లెలో సంఘములు పుట్టెను, వాటితోకూడ పల్లెబడులు లేచెను. ఆ బడిలో చదివిన బిడ్డ బోర్డింగు స్కూలుకు వెళ్లవలెనన్నను, అక్కడనుండి ఉపాధ్యాయ శిక్షణకో నర్సు శిక్షణకో వెళ్లవలెనన్నను, దొరగారి ఉత్తరమో అయ్యగారి ఉత్తరమో ఆధారము. మన తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు అనేకులు అట్టి ఉత్తరములతో పైకి వచ్చిరి. దానిని మేము తక్కువ చేయము.

అయితే ఆ ఉత్తరము వ్రాయు కలము మరియొకరి చేతిలో ఉండెను. వ్రాయువారికి ఎరుకయైన ఇంటికి అది దొరకెను, ఎరుకలేని ఇంటికి దొరకలేదు. నేడు ఆ కలము మీ చేతికి వచ్చినది. రెజ్యూమె అనగా మన పనిని గూర్చి మనమే ఇచ్చు సాక్ష్యము. సాక్షి ఏమి చేయవలెను? చూడనిది కలుపరాదు, చూచినది దాచరాదు. మేము చెప్పబోవునదంతయు ఈ రెండు మాటలలోనే ఉన్నది.

పౌలు వ్రాసిన రెండు జాబితాలు

పరిశుద్ధ గ్రంథములో అపొస్తలుడైన పౌలు వ్రాసిన రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూడుడి. ఒకటి ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయములోనిది. అక్కడ ఆయన తన సంగతి తానే చెప్పుకొనెను. ఏ జనమువాడో, ఏ గోత్రమువాడో, ఎనిమిదవ దినమున ఏమి జరిగినదో, ఏ పక్షమువాడో వరుసగా చెప్పి, చివరకు వాటినన్నిటిని నష్టముగా ఎంచుకొంటినని వ్రాసెను. రెండవది రోమీయులకు వ్రాసిన పత్రిక పదునారవ అధ్యాయపు మొదటి రెండు వచనములు. అక్కడ ఫీబే అను సహోదరిని రోమా సంఘమునకు పరిచయము చేయుచున్నాడు. ఆమె పేరు, ఆమె ఊరు కెంక్రేయ, ఆ ఊరి సంఘములో ఆమె చేయు పరిచర్య, ఆమెవలన అనేకులకును తనకును కలిగిన సహాయము. ఈ నాలుగే చెప్పెను. ఎవరి కుమార్తెయో చెప్పలేదు, ఏ వంశమో చెప్పలేదు. ఆమె ఎంత మంచిదో అని విశేషణములు గుప్పించలేదు. ఏమి చేసినది, ఎవరికి ఉపయోగపడినది అని మాత్రమే చెప్పెను.

మనవారు నిన్నమొన్నటివరకు వ్రాసిన బయోడేటా మొదటి జాబితావంటిది. అందులో ఎక్కువ భాగము పుట్టుకను గూర్చినదే. పెండ్లి సంబంధములకు అది సరిపోవునేమో గాని, పని ఇచ్చువానికి సరిపోదు. రెజ్యూమె రెండవ జాబితావంటిది. కావున వ్రాయుటకు కూర్చున్నప్పుడెల్లను ఫీబేను తలంచుకొనుడి. పేరు, ఊరు, పని, ఆ పనివలన కలిగిన మేలు.

పేరు, ఊరు

మొదట పేరు. మనలో అనేకులకు రెండు పేర్లు కలవు. బాప్తిస్మపు పేరొకటి, బడిలో వ్రాయించిన పేరొకటి. రెజ్యూమెలో వ్రాయవలసినది పదవ తరగతి సర్టిఫికెట్టులో ఉన్న పేరే. ఇంటిపేరు ముందున్నదో వెనుకనున్నదో, ఒక అక్షరము ఎక్కువో తక్కువో, సర్టిఫికెట్టులో ఎట్లున్నదో అట్లే వ్రాయవలెను. ఆధార్ కార్డులో, పాస్‌పోర్టులో వేరుగా ఉన్నచో, ఉద్యోగము వచ్చిన తరువాత పరుగులు పెట్టుటకంటె ముందుగానే సవరించుకొనుడి. పెండ్లియైన సహోదరీలకు ఈ చిక్కు మరీ ఎక్కువ.

పేరు క్రింద ఊరు, ఫోను నంబరు, ఈమెయిలు. ఊరు అనగా "విజయవాడ" అనియో "గుడివాడ" అనియో చాలును; ఇంటి నంబరు, వీధి అక్కరలేదు. ఈమెయిలు మీ పేరుతోనే ఉండవలెను. సినిమా హీరో పేరుతోనో ముద్దుపేరుతోనో ఉన్న ఈమెయిలును స్నేహితులకొరకు ఉంచుకొనుడి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు రెజ్యూమెలో ఎన్నటికిని వ్రాయకుడి. ఆ కాగితము ఎవరెవరి చేతులలోనికి పోవునో మనకు తెలియదు. కోరిననే తప్ప ఫోటో కూడ అంటింపనక్కరలేదు.

కులము, మతము అను గడి

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పవలెను. ఇది మనలో మనము వసారాలో మెల్లగా మాట్లాడుకొను సంగతి గాని, వేదికమీద మాట్లాడునది కాదు. అయినను మాట్లాడుదము.

1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము హిందూ మతస్థులకు మాత్రమే షెడ్యూల్డు కులముల హోదా దక్కెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారికి వెనుకబడిన తరగతులలో సి గ్రూపు, 1 శాతము రిజర్వేషను కలదు. ఇందువలన మన ఇండ్లలో ఎంత నలుగుబాటు కలిగినదో కాపరులమైన మాకు తెలియును. మందిరములో ఒక పేరు, మండల కార్యాలయములో మరియొక పేరు పెట్టుకొని బ్రతుకుచున్నవారిని గద్దించుటకు మేమిక్కడ నిలువలేదు. ఆ ఉత్తరువును మార్చుమని మన సంఘములు దీర్ఘకాలముగా అడుగుచునే యున్నవి.

మేము చెప్పునది ఇంతమాత్రమే. ప్రైవేటు సంస్థకు పంపు రెజ్యూమెలో కులమునకు, మతమునకు స్థానము లేదు. అది దాచుట కాదు. అది పనిని గూర్చిన కాగితము గనుక పనినే చెప్పవలెను. ప్రభుత్వ దరఖాస్తులో ఆ గడి ఉన్నచోట, న్యాయముగా మీకు వచ్చిన ధ్రువపత్రములో ఏమున్నదో అదే వ్రాయుడి. మీకు లేనిది వ్రాసి, జీతము తీసికొనునన్నాళ్లు ఎవరైన ఫిర్యాదు చేయుదురేమోయని భయపడుచు బ్రతుకవలదు. ఆ భయముతో ముప్పది సంవత్సరములు ఉద్యోగము చేసి, విరమణ దినమున మాయొద్ద కన్నీరు కార్చినవారిని చూచితిమి గనుక చెప్పుచున్నాము.

చేసిన పనిని చెప్పుట

ఇప్పుడు ముఖ్య భాగమునకు వచ్చితిమి. మన పిల్లలు రెజ్యూమెలో చేయు పెద్ద తప్పు అబద్ధమాడుట కాదు. దాచుట. కావలెనని దాచుదురని కాదు. అది చెప్పదగినదని వారికి తోచదు. తరతరములుగా మన పనికి విలువ లేదని విన్నవారము గనుక, మన చేతులు చేసినది పనియే కాదని మనమే అనుకొనుచున్నాము.

కైకలూరు ప్రక్క ఒక తమ్ముడు డిగ్రీ చదువుచు, రెండేండ్లు రొయ్యల చెరువువద్ద పనిచేసెను. "అనుభవము" అనుచోట "లేదు" అని వ్రాసెను. అదేమని అడుగగా, "అది ఇంటి పనండి, ఉద్యోగం కాదు కదా" అనెను. ఏమి చేసితివని కూర్చుండబెట్టి అడిగితిమి. నీటిలో ఉప్పదనము, పి.హెచ్., ఆక్సిజను ప్రతిదినము పరీక్షించి పుస్తకములో వ్రాయుట, మేత లెక్క చూచుట, ఏరేటర్లు ఆగినచో రాత్రివేళ లేచి బాగుచేయించుట. ఇదంతయు అనుభవము కాదా? మేత కంపెనీకైనను, నీటి పరీక్షల ల్యాబుకైనను ఇంతకంటె కావలసినదేమి?

వ్రాయు పద్ధతి ఇది. ఒక్కొక్క పనికి ఒక్కొక్క వాక్యము. వాక్యములో మూడు సంగతులు ఉండవలెను: ఏమి చేసితిని, ఎంత చేసితిని, దానివలన ఏమి జరిగెను. "కష్టపడు స్వభావము గలవాడను" అని వ్రాయుటకు బదులు, "రెండు సంవత్సరములు నాలుగు చెరువుల నీటి పరీక్షలను ప్రతిదినము చేసి నమోదు చేసితిని" అని వ్రాయుడి. చదువువాడు తానే అనుకొనును, ఇతడు కష్టపడువాడని. విశేషణమును మీరు వ్రాయకుడి, చదువువానికి విడువుడి.

మరి కొన్ని ఉదాహరణములు వినుడి. సండే స్కూలులో బోధించు చెల్లెలు, "మూడు సంవత్సరములు, 30 మంది పిల్లల తరగతి, ప్రతి సంవత్సరము క్రిస్మస్ నాటికను వ్రాసి నేర్పితిని" అని వ్రాయవచ్చును. ఉపాధ్యాయ ఉద్యోగమునకు అది అనుభవమే. డ్వాక్రా సంఘములో లెక్కలు వ్రాయు సహోదరి, ఎందరు సభ్యులో, ఎంత అప్పు తీసికొని ఎంత తిరిగి కట్టించినదో వ్రాయవచ్చును. రైసు మిల్లులో తూకము వ్రాసిన గుమస్తా, దినమునకు ఎన్ని లారీల ధాన్యము నమోదు చేసెనో వ్రాయవచ్చును. నర్సుగా పనిచేయు చెల్లెలు "ఆసుపత్రిలో పనిచేసితిని" అని విడిచిపెట్టక, ఏ వార్డు, ఎన్ని పడకలు, ఏ యంత్రములు వాడుట తెలియును, నర్సింగు కౌన్సిలులో రిజిస్ట్రేషను చెల్లుబాటులో ఉన్నదా అను సంగతులు వ్రాయవలెను. ఆ నాలుగు సంగతులే నియమించువారు మొదట వెదకుదురు.

లెక్క మాత్రము నిజమైన లెక్కగా ఉండవలెను. 30 మంది పిల్లలుండగా 100 అని వ్రాయవలదు. సరిగా జ్ఞాపకము లేనిచో తక్కువయే వ్రాయుడి.

చదువు, వరుస

క్రొత్తగా చదువు ముగించినవారికి రెజ్యూమె ఒక్క పుట చాలును. పది సంవత్సరముల అనుభవమున్నవారికి రెండు పుటలు. అంతకు మించనక్కరలేదు. వరుస ఇట్లుండవలెను. పైన పేరు, ఫోను, ఈమెయిలు. దాని క్రింద రెండు మూడు వాక్యములలో మీరెవరో, ఏమి చేయగలరో, ఏ పని కోరుచున్నారో చెప్పుడి. పేరున్న సంస్థలో చేరి నా జ్ఞానమును వృద్ధి చేసికొనగోరుచున్నాను అను పాత వాక్యమును తీసివేయుడి. మనకేమి కావలెనో అది చెప్పును గాని, వారికేమి ఇచ్చెదమో చెప్పదు.

తరువాత అనుభవమున్నవారు అనుభవమును, లేనివారు చదువును ముందు పెట్టవలెను. రెండింటిలోను ఇటీవలిది పైన, పాతది క్రింద. చదువునకు కోర్సు, కళాశాల, సంవత్సరము, మార్కులు. ఆంధ్ర లొయోలాలో చదివినను, మారిస్ స్టెల్లాలో చదివినను, పల్లెలోని చిన్న కళాశాలలో చదివినను, పేరు పూర్తిగా వ్రాయుడి, సిగ్గుపడవలదు. ఒక సంవత్సరము తప్పినచో తప్పినదని మొదటి వాక్యములో వ్రాయనక్కరలేదు, అడిగినప్పుడు దాచవలదు.

తరువాత నైపుణ్యములు. కంప్యూటరులో ఏమి తెలియును, టైపింగు వేగమెంత, ఏ వాహనమునకు లైసెన్సు కలదు, ఏ వెల్డింగు వచ్చును. ఆ పిమ్మట భాషలు. తెలుగు చదువ, వ్రాయ, మాట్లాడగలమని గర్వముగా వ్రాయుడి. రైల్వే జంక్షనులో పుట్టి పెరిగి హిందీ మాటలాడనేర్చినవారు మనలో అనేకులు, అదియు వ్రాయుడి.

అందరికి ఒకే కాగితము పంపకుడి

మేము అందరికి ఒకే ఉత్తరము వ్రాసి చేసిన తప్పును మీరు మరియొక విధముగా చేయుచున్నారు. ఒకే రెజ్యూమెను ఏబది చోట్లకు పంపుచున్నారు.

ఇటలీ దేశములో లియొనార్డో డా వించి అను మహా చిత్రకారుడుండెను. సుమారు 1482లో ఆయన మిలాను నగరపు పాలకునికి పని కోరుచు ఒక ఉత్తరము వ్రాసెను. ఉద్యోగపు దరఖాస్తులలో అది మిక్కిలి ప్రసిద్ధమైనది. అంతటి చిత్రకారుడు అందులో చిత్రకళను గూర్చి చివరనే చెప్పెను. ముందంతయు వంతెనలు, ఫిరంగులు, కోట ముట్టడి సాధనములను గూర్చి వరుసగా వ్రాసెను. ఆ పాలకునికి అప్పుడు కావలసినది యుద్ధ సాధనములు గనుక.

మన దగ్గరి ఉదాహరణము చూడుడి. ఐ.టి.ఐ.లో ఫిట్టరు చదివి, ఆటోనగరులోని లారీ బాడీ షెడ్డులో మూడేండ్లు పనిచేసిన తమ్ముడు ఉన్నాడనుకొందము. మరియొక షెడ్డుకు వెళ్లునప్పుడు చేతిపనియే ముఖ్యము: వెల్డింగు, రేకు కోత, ఎన్ని బాడీలు కట్టెను. మల్లవల్లిలో 2025లో ప్రారంభమైన అశోక్ లేలాండు బస్సుల కర్మాగారమునకు పంపునప్పుడు, అదే అనుభవములో డ్రాయింగు చదివి పనిచేయుట, కొలతలు తీయుట, భద్రతా నియమములు పాటించుట, షిఫ్టులలో పనిచేయుట పైకి రావలెను. మచిలీపట్నములోని భారత్ ఎలక్ట్రానిక్సుకైనచో సూక్ష్మమైన కొలతలను గూర్చి చెప్పవలెను. ఉద్యోగ ప్రకటనను రెండుసార్లు చదివి, వారడిగిన మాటల క్రింద గీతలు గీయుడి. వాటిలో మీకు నిజముగా వచ్చినవాటిని అదే మాటలతో రెజ్యూమెలో వ్రాయుడి.

దీనికి మరియొక కారణము కలదు. నేడు పెద్ద సంస్థలు అనేకములలో రెజ్యూమెను మనుష్యునికంటె ముందు కంప్యూటరు చదువును. ప్రకటనలోని మాటలు అందులో ఉన్నవా అని అది వెదకును. కావున రంగుల డబ్బాలు, బొమ్మలు, రెండు మూడు నిలువు వరుసలు పెట్టకుడి, కంప్యూటరు తికమకపడును. సాదా అక్షరములు, సాదా శీర్షికలు చాలును. మీ పేరే ఫైలుకు పేరుగా పెట్టి, పి.డి.ఎఫ్. గా పంపుడి. వేరే రూపము కోరినచో వారు కోరినట్లే పంపుడి.

కలుపుటను గూర్చి

దాచరాదని చెప్పితిమి. కలుపరాదని కూడ చెప్పవలెను. డబ్బు పుచ్చుకొని, చేయని ఉద్యోగమునకు అనుభవ పత్రమిచ్చువారు నగరములలో ఉన్నారు. "అందరూ పెట్టుకుంటున్నారండి, మేమే నష్టపోతున్నాం" అని ఒక తల్లి మాతో వాదించెను. ఆమె బాధ నిజమే. కాని సంగతి తెలిసికొనుడి. సంస్థలు పాత యజమానులకు ఫోను చేయును. ప్రావిడెంటు ఫండు ఖాతాలో ఏ నెలనుండి ఏ నెలవరకు ఎక్కడ పనిచేసితిరో చూచును. రెండేండ్లు పనిచేసిన తరువాత తేలినను ఉద్యోగము తీసివేయుదురు. అప్పుడు పోవునది ఆ ఉద్యోగము మాత్రమే కాదు. తరువాతి సంస్థకు చెప్పుకొనుటకు ఆ రెండేండ్లు కూడ మిగులవు.

మధ్యలో ఖాళీ సంవత్సరములున్నచో కథలు అల్లవలదు. బిడ్డ పుట్టిన కారణమున, తల్లిదండ్రుల జబ్బు కారణమున, పోటీ పరీక్షలకు చదివిన కారణమున అని ఒక్క వాక్యము వ్రాయుడి. ఆ కాలములో ఏదైన నేర్చుకొన్నచో అదియు చెప్పుడి. మంచమునబడిన అత్తగారిని మూడేండ్లు చూచుకొన్న సహోదరి, ఆ మాట చెప్పుటకు తల వంచుకొనవలసిన పని లేదు.

రెజ్యూమె పంపుటకుగాని, ఇంటర్వ్యూకు పిలుచుటకుగాని ఎవరైన డబ్బు అడిగినచో అక్కడనే ఆగుడి. విదేశములకు పంపెదమను ఏజెంటు 1983 నాటి వలస చట్టము క్రింద లైసెన్సు పొందినవాడా అని ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూచి గాని, పాస్‌పోర్టును వాని చేతికి ఇయ్యవలదు.

మా పని, సంఘము పని

చివరగా, మిమ్మును ఎరిగినవారి పేర్లు అడిగినప్పుడు ఇద్దరి పేర్లు సిద్ధముగా ఉంచుకొనుడి. వారి అనుమతి ముందుగా తీసికొనుడి. బంధువుల పేర్లు పనికిరావు. మీ పనిని కన్నులార చూచిన ఉపాధ్యాయుడో, మేస్త్రీయో, ఆసుపత్రి హెడ్ నర్సో ఉండవలెను. కాపరియు ఉండవచ్చును, అయితే మీ పనిని ఎరిగిన కాపరి.

అందుచేత మేము మా పద్ధతి మార్చుకొంటిమి. ఇప్పుడు ఎవరైన ఉత్తరమునకు వచ్చినచో ముందు కూర్చుండబెట్టి, "గత సంవత్సరము నువ్వు ఏమేమి చేశావమ్మా?" అని అడుగుదుము. అరగంట పట్టును. మొదట "ఏమీ లేదండి" అందురు. పిమ్మట ఒక్కొక్కటి బయటపడును. ఆ అరగంటలో వారి ముఖము మారుట చూచుట మాకు ఒక ఆరాధనవంటిది. ఉత్తరము కంటె ఆ అరగంటయే వారికి ఎక్కువ ఉపయోగపడినదని మా నమ్మకము.

సంఘ పెద్దలకు మా మనవి ఒకటి. మన సంఘములలో రైల్వేలో, ఆర్.టి.సి.లో, బ్యాంకులలో, బడులలో, ఆసుపత్రులలో పనిచేసి విరమించినవారు ఎందరో కలరు. నెలకొక శనివారము సాయంకాలము మందిరపు హాలులో నాలుగు బల్లలు వేసి, ఒక కంప్యూటరు పెట్టి, మీరు కూర్చుండుడి. పిల్లలు తమ కాగితములతో వచ్చెదరు. చదివి, అచ్చుతప్పులు దిద్ది, "ఇది ఎందుకు వ్రాయలేదు నాయనా?" అని అడుగుడి. ఇంటర్వ్యూలో అడుగునట్లు నాలుగు ప్రశ్నలు అడుగుడి. మీ పరిచయములు మా పిల్లలకు చాల అవసరమే. అంతకంటె మీ అనుభవము మరీ అవసరము. స్త్రీల మైత్రివారు టీ ఇచ్చెదరని మేము వారిని అడుగకయే మాట ఇచ్చుచున్నాము.

దివిసీమ తమ్ముని సంగతి ఏమాయెనని మీరు అడుగుదురు. ఆ కార్యాలయము అతనిని మరల పిలువలేదు. అతనితో కూర్చుండి క్రొత్త కాగితము వ్రాసితిమి. కోత పండుగ లెక్కలు, కౌలు సేద్యము అందులో చేరెను. ఎనిమిది చోట్లకు పంపెను, ఆరు చోట్లనుండి జవాబే రాలేదు. ఏడవ చోట పిలిచి వద్దనిరి. ఎనిమిదవ చోట, ఒక చిన్న ఎరువుల దుకాణములో, లెక్కలు వ్రాయు పని ఇచ్చిరి. జీతము చిన్నదే. "అయ్యగారూ, ఈసారి వాళ్లు అడిగితే చెప్పడానికి నా దగ్గర మాట ఉంది" అని అతడనెను. ఉద్యోగమిచ్చుట మన చేతిలో లేదు. అడిగినప్పుడు చెప్పుటకు మాట లేకుండ ఏ బిడ్డయు మన మందిరమునుండి వెళ్లకుండ చూచుట మన చేతిలో ఉన్నది.

మన చేతుల పనిని దేవుడు స్థిరపరచును గాక. ఆమేన్.